పందెములో ప్రభుత్వమునకు భాగమా?

ఒక పని తప్పా కాదా యనునది యొక ప్రశ్న. దానిని ప్రభుత్వము దండింపవచ్చునా యనునది వేఱొక ప్రశ్న. దండింపక యూరకున్నచో దానివలన వచ్చు లాభములో భాగము గొనవచ్చునా యనునది మూడవది. క్రికెట్టు మొదలగు ఆటలపై నొడ్డు పందెములను చట్టబద్ధము చేయవలెనా యని మన దేశమున చాలకాలముగా జరుగుచున్న చర్చలో మొదటి రెంటిని గుఱించియే యందఱును వాదించుచున్నారు. మూడవదానిని తలపెట్టువా రరుదు. మా యభిప్రాయమున వ్యాజ్యమంతయు దానిమీఁదనే నిలిచియున్నది.

ఈ వివాదము క్రొత్తది కాదు. మన స్మృతికర్తలు పాచికలు మొదలగు ప్రాణము లేని వస్తువులతో నాడు జూదమునకు ద్యూతమనియు, కోళ్లు పొట్టేళ్లు మొదలగు ప్రాణులపై నొడ్డు పందెమునకు సమాహ్వయమనియు పేళ్లు పెట్టిరి. పలనాటిలో కోడిపందెమున నోడి మాచెర్లవారు ఏడేండ్లు రాజ్యమును విడిచిపోవలసి వచ్చెనని మన వీరగాథలు చెప్పునది యీ సమాహ్వయమునే. నేఁటి క్రీడాపందెములును దాని సంతతియే. కోడికి బదులు మనుష్యుఁడు బరిలో దిగినాఁడు, అంతియే భేదము. మనువు ఈ రెంటిని రాజ్యమునుండి వెడలఁగొట్టవలసినదని విధించెను. కౌటిల్యుఁ డట్లు చెప్పలేదు. ద్యూతాధ్యక్షుఁడను నుద్యోగిని నియమించి, ఒక్కచోటనే యాడించి, గెలిచిన సొమ్ములో నూటి కైదు వంతున రాజునకుఁ దీసికొమ్మనెను. రహస్యముగా బ్రదుకు దొంగలను గనిపెట్టుటకు జూదశాల మంచి తావని యాతని యూహ. యాజ్ఞవల్క్యుఁడును ఇంచుమించుగా నీ మార్గమునే పట్టెను. కాఁబట్టి, నియంత్రణమును గోరువారు తాము పాశ్చాత్యులకడ క్రొత్త విద్య నేర్చి వచ్చినట్లును, నిషేధమును గోరువారు పూర్వులందఱును దమ పక్షమే యైనట్లును మాటలాడుచుండఁగా మాకు నవ్వు వచ్చుచున్నది.

ఇఁక నేఁటి చట్టముల సంగతి. 1867లో ఆంగ్లేయ ప్రభుత్వమువారు చేసిన బహిరంగ జూద శాసనము జూదశాలలను దండించెను గాని, కేవలము నేర్పుచే నాడు ఆటలకుఁ దన నిబంధనలు వర్తింపవని యొక సందు విడిచెను. మన రాజ్యాంగము పందెమును జూదమును రాష్ట్రముల జాబితాలో 34వ పద్దుగాఁ జేర్చెను. 1957లో సుప్రీము కోర్టువారు చమార్‌బాగ్‌వాలా వ్యాజ్యమున జూదము వర్తకమే కాదనియు, వర్తకస్వాతంత్ర్య మను హక్కు దానికి లేదనియు తీర్పు చెప్పిరి. అంతటితో సరిపోయినచో బాగుండెడిది. 1968లో సికింద్రాబాదులోని యొక క్లబ్బును గుఱించిన వ్యాజ్యమున రమ్మీ ప్రధానముగా నేర్పుతోఁ గూడిన యాట యనిరి. 1996లో మద్రాసు గుఱ్ఱపు పందెముల వ్యాజ్యము వచ్చెను. 1974లోనే యా రాష్ట్రము వానిని నిషేధింపఁ జూచియుండెను. గుఱ్ఱపు పందెము నేర్పుపై నాధారపడినదనియు, దానిపై సొమ్మొడ్డుట జూదము కాదనియు న్యాయమూర్తులు నిర్ణయించిరి. అప్పటినుండి పందెపు వ్యాపారులందఱును నేర్పను నొక్క మాటను మంత్రమువలె జపించుచున్నారు.

ఈ నేర్పు వాదమును న్యాయవాదులముగా మేము గౌరవింతుము. నీతి విషయమున మాత్రము అది యెందుకును కొఱగాదు. యుధిష్ఠిరుఁడు దురదృష్టమువలన నోడెనా? పాచికల విద్యలో శకుని పారంగతుఁడగుటవలన నోడెను. శకుని కపటి యందురు గాక. కపటము లేకున్నను ఆ సభలో ఫలితము వేఱుగా నుండెడిది కాదు. కేవలము అదృష్టముపై నడచు ఆటలో నిద్దఱును సమానముగా గ్రుడ్డివారు. నేర్పుపై నడచు పందెములో నొకనికిఁ గన్నులున్నవి, రెండవవానికి లేవు. ఆ లేనివానిని బిలిచి కూర్చుండఁబెట్టి సొమ్ము తీసికొనుట యెక్కువ మర్యాదయైన పని యెట్లగును?

నేఁటి పందెపు కంపెనీల లెక్కను చూచినచో నీ విషయము తేటపడును. అమెరికాలో 1992 నాఁటి నిషేధశాసనమును అచ్చటి సుప్రీము కోర్టు 2018 మే 14వ తేదీన కొట్టివేసిన తరువాత ముప్పదికి మించిన రాష్ట్రములలో నీ వ్యాపారము చట్టబద్ధమైనది. సమానబలము గల రెండు జట్లు ఆడునప్పుడు అచ్చటి వాడుక చొప్పున 100 డాలర్లు గెలుచుటకు 110 డాలర్లు ఒడ్డవలెను. చెఱియొక పక్షమున నొక్కొక్కఁడు 110 ఒడ్డఁగా కంపెనీ చేతికి 220 వచ్చును. గెలిచినవానికి 210 పోవును. ఎవరు గెలిచినను 10 మిగులును. పైగా, నిజముగా నేర్పు గలిగి తఱచుగా గెలుచువాఁడు కనఁబడినచో, కంపెనీలు వాని పందెములను స్వల్ప మొత్తములకుఁ గుదించుటయు, వాని ఖాతానే మూసివేయుటయు అమెరికాలోను బ్రిటనులోను తెలిసిన విషయమే. నేర్పే యీ యాటకుఁ బ్రాణమైనచో నేర్పరిని గెంటివేయు టేమి? ఆ వ్యాపారము నిలుచుట నేర్పు లేనివాని సొమ్ముపై. ఆ సంగతి న్యాయస్థానములకంటె కంపెనీల గుమాస్తాలకు బాగుగాఁ దెలియును.

నేర్పను మాట వెనుక మఱియొక భేదము దాఁగియున్నది. సంక్రాంతినాఁడు భీమవరపు ప్రాంతమున కోడిపందెపు బరికడ పట్టుపడిన కూలివాఁడు 1974 నాఁటి మన జూద శాసనముక్రింద ముద్దాయి. హైదరాబాదులో మలకుపేట మైదానమున గుఱ్ఱముపై సొమ్మొడ్డిన పెద్దమనుష్యుఁడు గౌరవనీయుఁడు. కోళ్లను హింసించుట వేఱొక దోషము. దానిని 1960 నాఁటి జంతుహింసా నివారణ శాసనము చూచుకొనును. సొమ్మొడ్డుటలో మాత్రము వీరిద్దఱికిని భేద మేమి? 1872 నాఁటి ఒప్పందముల శాసనమునే చూడుఁడు. దాని 30వ సెక్షను పందెపు టొప్పందములు చెల్లవని చెప్పి, వెంటనే గుఱ్ఱపు పందెమున గెలిచినవారి కీయఁదగిన 500 రూపాయలు లేక అంతకు మించిన బహుమానమునకు వేయు చందాలు మాత్రము అక్రమములు కావని మినహాయించినది. 499 రూపాయల బహుమానమున కీ మర్యాద లేదు! ఆంగ్లేయులు తమ దేశమున నిట్లే చేసిరి. 1906 నాఁటి వారి శాసనము వీధిలో పందెము కాయు శ్రామికుని పట్టుకొనెను. మైదానమున కాయు ధనికుని జోలికిఁ బోలేదు.

ఇటీవలి సంస్కరణ యత్నములలోను ఈ దోషమే కనఁబడుచున్నది. 2013లో ఐపీఎల్ ఆటలలో పందెపు అక్రమములు బయటఁబడిన తరువాత సుప్రీము కోర్టు నియమించిన లోధా సంఘమువారు 2016లో క్రికెట్టు పందెములను నియమములతో చట్టబద్ధము చేయవచ్చుననిరి. న్యాయస్థానము ఆ సంగతిని లా కమిషనుకు విడిచెను. 2018 జూలైలో వెలువడిన కమిషనువారి 276వ నివేదిక నిషేధమే మంచిదనుచునే, పూర్తిగా నాఁపుట సాధ్యము కానియెడల నియంత్రణమే గతి యని చెప్పి, ఎక్కువ ఆదాయము గలవారి కొక తరగతి జూదమును, తక్కువ ఆదాయము గలవారికి వేఱొక చిన్న తరగతి జూదమును సూచించెను. బీదవారిని గాపాడవలె నను సదుద్దేశము దీనిలో నున్న దనుటకు సందేహము లేదు. కాని నాశనమును ఆదాయపు పన్ను రసీదుతోఁ గొలుచుట మాకు వింతగాఁ దోఁచుచున్నది. ఆ నివేదికపై గగ్గోలు పుట్టఁగా, తాము చట్టబద్ధము చేయుమని సిఫారసు చేయలేదని కమిషనువారు వివరణ మీయవలసి వచ్చెను.

ఇఁక మూడవ ప్రశ్నకు వత్తము. బ్రిటను దేశము 1960లో శాసనము చేసి, 1961 మే 1వ తేదీనుండి పందెపు దుకాణములను తెఱిపించెను. అప్పటి నియమము మెచ్చఁదగినది: ఉన్న కోరికకుఁ జోటిత్తుము, లేని కోరికను బుట్టింపము. దుకాణములలో సౌఖ్యము లుండరాదు, ప్రకటన లుండరాదు. ఆ నియమము క్రమముగా సడలి, 2005 నాఁటి శాసనము 2007లో అమలునకు వచ్చునప్పటికి పందెపు ప్రకటనలు టెలివిజనులో ప్రవేశించెను. దుకాణములలోని జూదపు యంత్రములలో నొక్కసారికి 100 పౌనులదాఁక ఒడ్డుటకు వీలుండెడిది. దానిని 2 పౌనులకుఁ దగ్గింప నిశ్చయించియు, 2018లో నా దేశపు ఆర్థికమంత్రి ఆ తగ్గింపును మఱుసటి యేఁటి అక్టోబరునకు వాయిదా వేసి, ఖజానాకుఁ గలుగు లోటును పూరించుటకు ఆన్‌లైన్ జూదముపై సుంకము పెంచు దినమునే దానికిని ముహూర్తముగాఁ బెట్టెను. ఆ జాప్యమును సహింపక క్రీడామంత్రిణి ట్రేసీ క్రౌచ్ రాజీనామా యిచ్చెను. అప్పుడుగాని అది 2019 ఏప్రిలునకు జరుగలేదు. ఆ మంత్రులు చెడ్డవారని మే మనము. లోటు చూచుకొనవలసినవాఁడు లోటునే చూచును.

మనకును ఈ యనుభవము లేకపోలేదు. దూబగుంట స్త్రీలు 1992లో సారాపై లేవఁదీసిన యుద్యమము పెరిగి 1995 జనవరిలో ఆంధ్రప్రదేశమున సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో నది తొలఁగెను. తొలఁగించుటకుఁ జెప్పిన కారణములలో ఖజానా కష్టము ముఖ్యమైనది. పందెముల విషయమున ఆన్‌లైన్ జూదమును తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను నిషేధించెను. కేంద్ర ప్రభుత్వమో, 2023 అక్టోబరు 1వ తేదీనుండి ఆ యాటలలో జమచేసిన మొత్తముపై నూటికి 28 వంతున పన్ను గొని, రెండేండ్లు నిండకమున్నే 2025 ఆగస్టులో సొమ్మొడ్డి యాడు ఆన్‌లైన్ ఆటల నన్నింటిని నేర్పైనను అదృష్టమైనను భేదము లేక నిషేధించు శాసనము చేసెను. నేర్పు వాదమును విడిచినందుకును, ఆడిన యభాగ్యుని గాక ఆడించినవానిని, ప్రకటించినవానిని దండించునట్లు వ్రాసినందుకును ఆ శాసనమును మేము మెచ్చుచున్నాము. అది న్యాయస్థానములలో సవాలు చేయఁబడినది. గుఱ్ఱపు మైదానమును మాత్ర మది తాఁకలేదు. మఱుసటి నెలలోనే మైదానపు పందెములపై పన్ను నూటికి 40కి పెరిగెను.

పన్ను హెచ్చించుట శిక్షయే కదా, వ్యసనమును తగ్గించును కదా యని కొందఱందురు. ఆ పన్ను రాఁబడి సున్నయైన దినమున సంతోషించు ఆర్థికమంత్రి యున్నచో మేమును ఒప్పుకొందుము. నిషేధించినచో బుకీలు చాటున నాడింతురు, అది మఱింత చెఱు పందురు. ఆ మాట నిజమే. అందుచే నియంత్రణమును మేము సర్వథా త్రోసివేయము. ఒకనాఁడు శాసనసభలు పందెములకుఁ జోటీయఁ దలఁచినచో, పర్యవేక్షణపు ఖర్చునకు మించి యొక పైసయైనను సామాన్యాదాయమునఁ జేరకుండవలెను, ప్రకటన లుండరాదు, ఓడినవానిపై దావా చెల్లరాదు. ఇట్లయినచో ప్రభుత్వమునకు దీనిలో నాసక్తియే యుండదని యొక మిత్రుఁడు మాతో ననెను. మా కోరికయు నదియే.

ఇంతలో చట్టము మార్పవలసిన పని లేకయే జరుగఁదగిన దొకటి కలదు. గుఱ్ఱపు పందెములపై వచ్చు పన్నులో సగము కేంద్రమునకును సగము రాష్ట్రమునకును జేరుచున్నది. ఆ మొత్తమును ఇతర రాఁబడులలోఁ గలిపివేయక బడ్జెటులో వేఱు పద్దుగాఁ జూపుఁడని, అది యే యే ఖర్చులకుఁ బోయెనో తెలుపుఁడని శాసనసభ్యుల ద్వారా అడిగింపవచ్చును.