మోసే తల్లి కలత

వైష్ణవంలో శరణాగతి గురించి చెప్పేటప్పుడు రెండు పసికూనల్ని చూపిస్తారు. కోతిపిల్ల తల్లి పొట్టను తానే కరుచుకుని వేలాడుతుంది, పట్టు సడలితే కింద పడుతుంది. పిల్లికూనకు ఆ బాధ లేదు. తల్లే మెడ దగ్గర నోట పట్టుకుని ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి పోతుంది. మొదటిది మర్కట కిశోర న్యాయం, రెండోది మార్జాల కిశోర న్యాయం. వేదాంత దేశికుల దారిలో నడిచే వడగలై వారు జీవుడి వైపు నుంచి కూడా కొంత పట్టు ఉండాలంటారు. పిళ్ళై లోకాచార్యుల దారి వారైన తెంగలైలు భగవంతుడి పట్టు చాలంటారు. నాకు మొదటినుంచీ రెండో మాట మీదే మనసు. మనిషి చేతకానితనాన్ని చిన్నచూపు చూడని మాట అది.

ఈ వేసవిలో ఒక బాలింత పిల్లిని, దాని నాలుగు కూనల్ని సాకాను. ఆ మాట మీద మనసు తగ్గలేదు. కానీ నా చూపు కూన మీంచి తల్లి మీదికి మళ్ళింది. నోట వేలాడే కూన నిశ్చింత గురించి మన పెద్దలు శతాబ్దాలుగా చెప్పుకుంటూ వచ్చారు. మరి మోసే తల్లి సంగతి?

రాజమండ్రిలో మాది పాత పెంకుటిల్లు. వీధిలో నాలుగిళ్ళు తిరిగే చారల పిల్లి ఒకటి, కడుపుతో ఉన్నప్పుడు మా దొడ్డి వదల్లేదు. పిల్లి కడుపు మోసేది సుమారు తొమ్మిది వారాలు. రోహిణి కార్తె దగ్గరపడుతుండగా ఒక తెల్లవారుజామున మా అటక మీద, పాత పరుపుచుట్టల మధ్య పిల్లల్ని పెట్టింది. అప్పుడే పుట్టిన కూన వంద గ్రాములకు అటూ ఇటూగా తూగుతుంది. కళ్ళు మూసుకునే ఉంటాయి. చెవులూ తెరుచుకుని ఉండవు. ఒంటి వేడిని తనంతట తాను నిలుపుకోలేదు. మొదటి వారంలో చలికి వణకడం కూడా దానికి చేతకాదు. మూత్రం పోయాలన్నా తల్లి నాకితేనే. రోగాన్ని ఎదిరించే శక్తి చాలావరకు పుట్టిన రోజు తాగే పాలలోనే అందాలి, ఆ రోజు దాటాక కూన పేగులు దాన్ని ఒంటికి పట్టించుకోలేవు. ఇన్ని పనులు తన ఒక్కదాని మీదే ఉన్న తల్లి ఎలా స్థిమితంగా పడుకుంటుంది?

పడుకోలేదు. కొద్ది రోజులకే కూనల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని అటక దిగి సామాన్ల గదిలో మంచం కిందికి చేర్చింది. తర్వాత చెక్క బీరువా అడుగు అరలోకి. అక్కడినుంచి పూజగది పక్కనున్న ట్రంకు పెట్టె వెనక్కి. పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని మనవాళ్ళు అంటారు. కుదురులేని మనుషుల్ని దెప్పిపొడవడానికి కూడా ఆ మాట వాడతారు. దగ్గరుండి చూస్తే ఒక్కో మార్పుకీ కారణం కనిపించింది. కూనలకు మొదటి వారం ముప్పై డిగ్రీల పైచిలుకు వెచ్చదనం కావాలి. చలిదేశాల వాళ్ళు రాసిన సలహాల్లో అందుకే వేడినీళ్ళ సీసాలు, వెచ్చటి పరుపులు ఉంటాయి. మే నెల రాజమండ్రిలో పెంకుల కింద అటక మధ్యాహ్నానికి నిప్పుల గుండమే. అటక దిగడం అందుకు. మంచం కింద పాల వాసనకు చీమలు బారులు కట్టాయి. బీరువా ఉన్న గది కిటికీ దగ్గర సాయంత్రాలు గండుపిల్లి ఒకటి తచ్చాడేది. తనవి కాని కూనల్ని గండుపిల్లులు చంపడం ఉన్నదే. ఎండ, చీమ, శత్రువు. మనం ఇల్లు మారడానికి ఇంతకంటే పెద్ద కారణాలు ఎప్పుడైనా చూపించామా? ఆ పిల్లికి ఆలోచన వేరు, తిరుగుడు వేరు కాదు. కాళ్ళతోనే ఆలోచించేది.

ఒక్క విషయం మాత్రం నన్ను ఇప్పటికీ వదలడం లేదు. చోటు మారిన ప్రతిసారీ, నాలుగో కూనను కూడా చేర్చాక, అది మళ్ళీ పాత చోటుకు వచ్చేది. గుడ్డల మడతల్లో ముక్కు పెట్టి వాసన చూసేది. ఒక మూలను కాలితో గీరేది. ఏమీ లేదని తేలాక ఖాళీ నోటితో వెళ్ళిపోయేది. తల్లి పిల్లి కూన అరుపును బట్టి దాన్ని వెతుక్కుంటుంది. అరవకుండా ఉండిపోయిన కూన ఏదైనా ఉందేమోనన్న శంక తీరాలంటే వెళ్ళి చూసుకోవడం ఒక్కటే దారి. నిద్రపోయే బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునే తల్లులకు ఈ రాకపోక వివరించి చెప్పనక్కర్లేదు.

ఆ ఖాళీ ప్రయాణం గురించే నేను ఎక్కువ ఆలోచించాను. కూనను మోసుకెళ్ళడంలో పని జరుగుతుంది, ఫలితం కంటికి కనిపిస్తుంది. తిరిగొచ్చి చూసుకోవడంలో ఏ ఫలితమూ లేదు, బరువు కూడా లేదు. అయినా అది మానలేదు. తెంగలైలు చెప్పే దైవం నిజంగా తల్లి పిల్లి లాంటిదే అయితే, ఆ దైవానికీ ఇలాంటి ప్రయాణం ఒకటి ఉండి తీరాలి. అందరూ చేరారా, నోరు తెరిచి పిలవలేని వాడెవడైనా వెనక మిగిలిపోయాడా అని తిరిగి వచ్చి వెతుక్కునే ప్రయాణం. అన్నిటికీ అతీతంగా, ఏ కలతా అంటకుండా కూర్చున్న దైవం గురించి చాలా విన్నాను. నేను శరణు కోరవలసి వస్తే నా కోసం కలత పడే దైవాన్నే కోరతాను.

కూన వైపు నుంచి కూడా ఆ న్యాయం కొంచెం లోతుగా కనిపించింది. తల్లి నోట పట్టగానే కూన కాళ్ళు ముడుచుకుంటుంది, తోకను పొట్ట కిందికి చుట్టుకుంటుంది, అరుపు ఆపేస్తుంది. పెనుగులాడే కూనను అటక మీంచి దింపడం ఏ తల్లి వల్లా కాదు. మోయించుకోవడంలో దాని వంతు అది. పుట్టిన కొద్ది రోజుల్లోనే ఒక్కో కూన తనకంటూ ఒక చన్ను ఎంచుకుని దాన్నే వెతుక్కుంటుంది. కళ్ళు తెరవకముందే, గూడు నుంచి కాస్త పక్కకు జరిగినా వాసన పట్టుకుని పాక్కుంటూ తన మూలకు చేరుకుంటుంది. ఇది ఏమీ చేయని ప్రాణి అని అనలేను. కోతిపిల్ల గట్టిగా పట్టుకుంటుంది, పిల్లికూన మెత్తగా ఒదుగుతుంది. రెండు సంప్రదాయాల మధ్య వాదం విన్నంత దూరం ఉన్నట్టు నాకు ఇప్పుడు అనిపించదు.

ఇక ఆ తల్లికి మేమేం చేయాలన్నది. మా అత్తగారు మొదటి రోజే చెప్పారు: "అమ్మాయ్, దాని కళ్ళలోకి అదేపనిగా చూడకు. బాలింత గదిలోకి పదిమందీ వెళ్ళకూడదు." పూర్వం పురిటిగది ఇంట్లో ఒక చీకటి మూలన ఉండేది, రాకపోకలకు కట్టడి ఉండేది. ఆ ఆచారంలో ఆడవాళ్ళకు కష్టం పెట్టిన సంగతులూ ఉన్నాయి, వాటిని నేను వెనకేసుకు రాను. కానీ బాలింతకు చీకటీ మరుగూ కావాలన్న ఎరుక మాత్రం ఆ పిల్లి దగ్గర అక్షరాలా కనిపించింది. ఒక అట్టపెట్టెకు పక్కన దారి కోసి, పాత నూలు చీర మడిచి వేసి ట్రంకు పెట్టె వెనక పెట్టాను. అలాంటిదే ఇంకొకటి ఇంకో గదిలో. ఎంచుకోవడం దాని ఇష్టం. నీళ్ళు, తిండి అయిదారు అడుగుల్లో ఉంచాను, కూనల్ని వదిలి ఎక్కువసేపు వెళ్ళనవసరం లేకుండా. ఇసుక తట్ట దూరంగా. చీర మార్చేటప్పుడు పాతదాంట్లో ఒక ముక్క కింద ఉంచేసేదాన్ని, కూనలకు తమ వాసన తప్పిపోకుండా. ఆ తర్వాత చేయవలసిందల్లా దూరంగా కూర్చోవడం. భయపడే ప్రాణి దగ్గర మన ప్రేమ చూపించుకోవాలన్న ఆత్రం కూడా ఒక భయమే అవుతుంది. దాని భయాన్ని తీసేయడం నా చేతిలో లేదు. ఆ భయానికి కాస్త చోటివ్వడం ఉంది.

తిండి దగ్గర ధర్మసంకటం వచ్చింది. మా ఇంట్లో నీచు వండరు. పెరుగన్నం పెడితే తింటుంది, కానీ దాంతో పిల్లి బతకదు. మాంసంలో, చేపలో దొరికే టారిన్ అనే పదార్థాన్ని కావలసినంత తన ఒంట్లో తయారు చేసుకునే శక్తి పిల్లికి లేదు. అది కొరవడితే చూపు పోతుంది, గుండె దెబ్బతింటుంది. పైగా పాలిచ్చే పిల్లి మామూలు రోజులకంటే రెండు మూడు రెట్లు తినాలి. అత్తగారికి ఇదంతా చెప్పి, ఏమంటారోనని ఆగాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "దాని ఆహారం దానిది. దొడ్లో వేరే పొయ్యి మీద ఉడికించు, గిన్నె లోపలికి తేకు" అన్నారు. డెబ్భై ఏళ్ళు తప్పకుండా పాటించిన నియమాన్ని ఆవిడ వదులుకోలేదు. దాన్ని దాటి ఇంకో ప్రాణి ఆకలి దాకా వెళ్ళారు. అహింస అంటే మన నాలుకను కట్టడి చేసుకోవడమే కాదని నాకు ఆవిడ దగ్గర తెలిసినంతగా ఏ గ్రంథంలోనూ తెలియలేదు. ఉప్పు లేకుండా ఉడికించి ముళ్ళు తీసిన చేప రోజూ దొడ్లో తయారయ్యేది.

మూడో వారంలో కలత రూపు మారింది. అంతకుముందు తిరిగినప్పుడు దాని చెవులు నిక్కబొడుచుకుని ఉండేవి, కూన కుయ్యిమంటే ఆగేది. ఆ రోజు ఆగలేదు. నోరు తెరిచి రొప్పుతోంది. వెనక కాళ్ళు కొయ్యబారినట్టు వేస్తోంది. కూనలు అరుస్తున్నా వాటి వైపు చూడలేదు. బుట్టలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి పరుగెత్తాం. పాలలోకి సున్నం ఎక్కువగా పోయి రక్తంలో కాల్షియం పడిపోతే బాలింత పిల్లులకు ఇలా అవుతుందని డాక్టరుగారు చెప్పారు. ఆలస్యమైతే ఫిట్స్ వస్తాయి, ప్రాణం పోతుంది. గుండె చప్పుడు వింటూ, నరానికి నెమ్మదిగా కాల్షియం ఎక్కించారు. కాసేపటికి కాళ్ళు మెత్తబడ్డాయి.

ఆ రోజునుంచి తల్లి ప్రేమ గురించి రాసిన గొప్ప మాటలు చదివినప్పుడల్లా ఆగుతున్నాను. తల్లి నిలవలేకపోవడాన్ని ప్రేమగా చూసి చేతులు జోడించడం సులువు. ఆ కలతలో ఒకటి "నన్ను వదిలెయ్యి" అంటుంది, ఇంకొకటి "నన్ను కాపాడు" అంటుంది. పైకి రెండూ తిరుగుడే. ఏది ఏదో తెలియాలంటే ముందు రోజుల్లో దాన్ని ఊరికే చూసి ఉండాలి. దూరంగా కూర్చున్న ఆ గంటలు వృథా కాలేదు. దాని మామూలు కలత నాకు తెలుసు కాబట్టే మామూలు కానిది కంటపడింది. మనుషుల్లో బాలింతల విషయంలో కూడా ఇదే అడగాలనిపిస్తుంది. నిద్రపట్టని తల్లిని చూసి, కొత్త తల్లి కదా అని సరిపెట్టే ఇళ్ళు ఎన్ని! త్యాగమని పొగిడి, ఆమె ఒంట్లో ఏం జరుగుతోందో అడగకుండా వదిలేయడం ప్రేమ కిందికి రాదు.

మరుసటి రోజు దాకా కూనల్ని చన్నుకు దూరంగా ఉంచమన్నారు. ఆవుపాలు పిల్లికూనలకు పడవు. అందులో చక్కెర వాటికి అరగదు, విరేచనాలు పట్టుకుంటాయి. పిల్లికూనల కోసం అమ్మే పాలపొడి తెచ్చాం. మూడు నాలుగు గంటలకోసారి, రాత్రంతా. అత్తగారు ఒక కూనను తీసుకుని, మా పిల్లలకు ఉగ్గు పోసినట్టే కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టబోయారు. కూన బోర్లా ఉండాలి, తల కొంచెం పైకి, లేకపోతే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయని చెబితే వెంటనే తిప్పి పట్టుకున్నారు. "ఎన్ని పురుళ్ళు చూసినా ప్రతి పురుడూ కొత్తేనమ్మా" అన్నారు. బెంగాల్‌లో పురుళ్ళనూ పసిపిల్లలనూ కాపాడే షష్ఠీదేవికి పిల్లి వాహనం. దొంగతిండి తిని నేరం నల్లపిల్లి మీద నెట్టిన కోడలి బిడ్డల్ని ఆ పిల్లే ఎత్తుకుపోయిందనీ, కోడలు పశ్చాత్తాపపడ్డాక దేవి తిరిగి ఇప్పించిందనీ అక్కడ కథ చెప్పుకుంటారు. ఆ రాత్రి ఆ కథ అత్తగారికి చెప్పాను. మన దగ్గర ఎదురొస్తే అపశకునమనే ప్రాణిని పక్క రాష్ట్రాల అవతల తల్లులు మొక్కుతున్నారని విని ఆవిడ కూనను ఇంకాస్త దగ్గరికి తీసుకున్నారు.

తల్లి కోలుకుంది. మళ్ళీ పాలిచ్చింది. కూనలు ఇప్పుడు మెత్తటి తిండి కూడా తింటూ గదంతా పరుగులు పెడుతున్నాయి. మిగిలింది ఒక నిర్ణయం. కూనలు పాలు తాగుతుండగానే పిల్లి మళ్ళీ కడుపుతో కావచ్చు. అంత ప్రమాదం దాటిన ఒంటికి వెంటనే ఇంకో పురుడు మంచిది కాదు, వీధిలో పుట్టే కూనల్లో ఎన్ని బతుకుతాయో వీధిలో ఉండేవాళ్ళకు తెలుసు. పాలు మానిపించాక ఆపరేషన్ చేయించమని డాక్టరుగారు చెప్పారు. చేయిస్తాం. కానీ దాన్ని అడగలేను. కూనల కోసం అన్ని ఇళ్ళు మారిన ప్రాణికి ఇక కూనలు ఉండకుండా నేను నిర్ణయిస్తున్నాను. దాని మంచికే అన్న మాట నిజమే అయినా, ఆ మాటతో నా మనసు పూర్తిగా ఊరుకోదు, ఊరుకోవాలని కూడా లేదు. అడగలేని ప్రాణి తరఫున తీసుకునే నిర్ణయం బరువుగా ఉండటమే న్యాయం.

కూనల కోసం ఇప్పటికే అడుగుతున్నారు. వెనకవీధి వాళ్ళు రెండు కావాలన్నారు, ఈ వారమే ఇమ్మన్నారు. రెండు నెలలు నిండేదాకా తల్లి దగ్గరే ఉండాలని, ఇస్తే రెండింటినీ విడదీయకుండా జంటగానే ఇస్తానని చెప్పాను. సరేనన్నారు. మిగతా రెండూ, తల్లీ మా ఇంట్లోనే. దొడ్లో పొయ్యి తీయొద్దని అత్తగారు అన్నారు.