ప్రతిజ్ఞ – నిర్బంధం

దేశభక్తి ఆజ్ఞాపించి పుట్టించగలిగిన గుణమా? నందిగామలోనైనా, జగ్గయ్యపేటలోనైనా బడిగంట కొట్టగానే పిల్లలు బారులు తీరుతారు. అందరూ పాడతారు, చేయి చాచి ప్రతిజ్ఞ చేస్తారు. ఒక విద్యార్థి మాత్రం మౌనంగా నిలుచున్నాడనుకుందాం. అప్పుడు ఉపాధ్యాయుని ధర్మమేమిటి?

న్యాయస్థానం యీ ప్రశ్నకు ఏనాడో సమాధానం చెప్పింది. 1985లో కేరళలో ఒక పాఠశాల, జాతీయగీతం పాడలేదని, ముగ్గురు తోబుట్టువులను బహిష్కరించింది. గీతం సాగినంతసేపూ వారు లేచి గౌరవంగానే నిలబడ్డారు. యెహోవా సాక్షుల కుటుంబంలో పుట్టినవారు గనుక పాడడానికి విశ్వాసం అడ్డువచ్చింది. పాడితీరాలనే చట్టమేదీ లేదని, 1971 నాటి జాతీయ గౌరవ చట్టం శిక్షించేది గీతాన్ని అడ్డుకునేవారినే గాని మౌనంగా నిలిచినవారిని కాదని, బహిష్కరణ రాజ్యాంగపు 19, 25 అధికరణాలకు విరుద్ధమని సుప్రీంకోర్టు 1986 ఆగస్టు 11న తేల్చింది. పిల్లలను తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి తెలుగువాడే.

మతవిశ్వాసాన్ని అభ్యుదయవాదులు సమర్థించాలా అని కొందరు మిత్రులు అడుగవచ్చు. మనం సమర్థించేది వారి మతాన్ని కాదు, అంతరాత్మను. 25వ అధికరణం మతం కన్న ముందు అంతరాత్మ స్వేచ్ఛనే పేర్కొన్నది. ఆస్తికుని మౌనానికి రక్షణ లేనినాడు నాస్తికుని మౌనానికి ఎక్కడిది?

మన చరిత్రనే చూడండి. 1907లో రాజమండ్రిలో వందేమాతరం బిళ్ళ ధరించాడని గాడిచర్ల హరిసర్వోత్తమరావును కళాశాల నుంచి వెళ్ళగొట్టారు. 1938లో వందేమాతరం పాడారని ఉస్మానియా విద్యార్థులను బహిష్కరించారు. నాడు పాడినందుకు శిక్ష, 1985లో పాడనందుకు శిక్ష! శిక్షించే చేయి మారింది గాని తర్కం మారలేదు: విద్యార్థి నోరు అధికారి సొత్తు! నందిగామ ప్రాంతంలోనే నైజాం జాగీరైన పరిటాల 1947లో గణతంత్రంగా ప్రకటించుకున్నది. ఆ ప్రజల దేశభక్తి ఎవరి ఆజ్ఞ వల్ల పుట్టింది? ఆజ్ఞను ధిక్కరించే పుట్టింది.

నేడు బడుల్లో చదివే ప్రతిజ్ఞను 1962లో రచించినవాడు పైడిమర్రి వెంకట సుబ్బారావు. ప్రతిజ్ఞ అంటే మాట ఇవ్వడం. బెదిరించి రాయించుకున్న ప్రామిసరీ నోటు కోర్టులో నిలవదు. బెత్తం చూపి చేయించిన ప్రతిజ్ఞ దేశం ముందు నిలుస్తుందా?

క్రమశిక్షణ ఏమైపోతుందని భయం అక్కరలేదు. యీ హక్కుకు హద్దు ఉంది: తాను మౌనంగా ఉండవచ్చు గాని, ఇతరుల పాటను భంగపరచరాదు. ఆ హద్దులో నిలిచిన విద్యార్థిని బయటికి గెంటితే అతనికి దేశం మీద ప్రేమ పుట్టదు, భయం పుడుతుంది. అతన్ని తరగతిలోనే కూర్చోబెట్టి, ఆ పాట కోసం బడులు పోగొట్టుకున్నవారి కథ చెప్పండి. పాడడమో, మానడమో అతనే నిర్ణయించుకుంటాడు. పౌరుడు తయారయ్యేది అక్కడే.