కోటుతో పాటు ఒక పుస్తకం

వాక్య భాగములు: 2 తిమోతి 4:9–21, కొలొస్సయులకు 4:16, నెహెమ్యా 8:1–12



అపొస్తలుడైన పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలోని చివరి అధ్యాయం మనకు బాగా తెలిసినదే. తన పరుగు ముగిసిందని, నీతి కిరీటం తనకోసం సిద్ధంగా ఉందని ఆయన చెప్పిన మాటల దగ్గర మనం ఆగి ధ్యానిస్తాం. ఆ తరువాతి వచనాలను మాత్రం ఉత్తరం చివర ఉండే క్షేమ సమాచారాల్లాగా త్వరగా దాటేస్తాం. ఈ వారం 13వ వచనం దగ్గర కాసేపు ఆగుదాం.

పౌలు చెరసాలలో ఉన్నాడు. మరణం దగ్గరపడిందని ఆయనకు తెలుసు. దేమా విడిచి వెళ్ళిపోయాడు. లూకా ఒక్కడే దగ్గరున్నాడు. అలాంటి సమయంలో ఆయన తిమోతిని అడిగినవి చూడండి: త్రోయలో కర్పు దగ్గర ఉంచి వచ్చిన అంగీ, పుస్తకాలు, వాటిలోను ముఖ్యంగా చర్మపు కాగితాలు. 21వ వచనంలో ఇంకో మాట కూడా ఉంది. చలికాలం రాకముందే రావడానికి ప్రయత్నించమంటున్నాడు.

గ్వెల్ఫ్‌లో ఉండే మనకు ఈ మాట ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. డిసెంబరులో సాయంత్రం ఐదు కాకముందే చీకటి పడుతుంది. ఏ గుంటూరు నుండో వరంగల్ నుండో ఒక విద్యార్థి ఇక్కడి విశ్వవిద్యాలయానికి వస్తే మనం మొదట అడిగేది, "కోటు ఉందా బాబూ?" అని. లేకపోతే ఎవరో ఒకరు తెచ్చి ఇస్తారు. ఇది మంచి అలవాటు, ప్రభువు మెచ్చే పని. అయితే పౌలు ఒకే నోట అంగీని, పుస్తకాలను కలిపి అడిగాడు. ఒంటికి వెచ్చదనం ఎంత అవసరమో ఒంటరితనంలో ఉన్న మనసుకు చదువుకోవడానికి ఏదైనా ఉండడం అంత అవసరమని ఆయనకు తెలుసు. కోటు ఇచ్చిన మనం, "చదువుకోవడానికి ఏమైనా ఉందా అమ్మా?" అని ఎప్పుడైనా అడిగామా?

ఈ వచనంలో ముగ్గురు మనుషులున్నారు. పుస్తకాలను జాగ్రత్తగా దాచి ఉంచినవాడు కర్పు. వాటిని మోసుకు రావలసినవాడు తిమోతి. చదువుకోవడానికి ఎదురుచూస్తున్నవాడు పౌలు. ఒక పుస్తకం ఆశీర్వాదకరంగా మారాలంటే ఈ ముగ్గురూ కావాలి. మన ఇళ్ళలో కర్పులు చాలామందే ఉన్నారు. ఇండియా నుండి సూట్‌కేసులో బరువు లెక్క చూసుకుని తెచ్చుకున్న పుస్తకాలు బేస్‌మెంట్‌లో అట్టపెట్టెల్లో భద్రంగా ఉన్నాయి. మనకు తక్కువైనది తిమోతిలు.

ఆదిమ సంఘం ఈ మోసే పనిని ఎలా చేసిందో కొలొస్సయులకు వ్రాసిన పత్రికలో కనిపిస్తుంది. తన ఉత్తరాన్ని చదివించుకున్న తరువాత లవొదికయ సంఘంలో కూడా చదివించమని, అక్కడినుండి వచ్చే పత్రికను వీరు చదువుకోమని పౌలు చెప్పాడు. రెండు పొరుగూరి సంఘాలు పత్రికలు ఇచ్చిపుచ్చుకున్నాయి. అలా చేతులు మారుతూ, నకళ్ళు తీయబడుతూ కొత్త నిబంధన పత్రికలు మనదాకా వచ్చాయి. "ఇది మా ఉత్తరం, మా దగ్గరే ఉండనీ" అని ప్రతి సంఘమూ అనుకుని ఉంటే మనకు ఏమి మిగిలేది?

ఇక మన పితరుల సంగతి చూద్దాం. పౌలు అడిగిన చర్మపు కాగితాలు తోలుతో చేసినవి. మన తెలుగు దేశంలో తోలు పని చేసినవారికే తరతరాలుగా అక్షరం దక్కకుండా చేశారు. యర్రగుంట్ల పేరయ్య ఆ సమాజంలో నుండే క్రీస్తు దగ్గరకు వచ్చాడు. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో ఎక్కువమంది ఆ సమాజపు వారే. పల్లెల్లో సువార్త వెళ్ళిన చోటికి బడి కూడా వెళ్ళింది. తోలు కుట్టిన చేతుల్లోకి పలక వచ్చింది, ఆ తరువాత బైబిలు వచ్చింది. అంతకు నాలుగేళ్ళ ముందు, 1874లో, కెనడా బాప్టిస్టు మిషనరీ జాన్ మెక్‌లారిన్ కాకినాడలో పరిచర్య మొదలుపెట్టాడు. ఆనాడు కెనడా నుండి తెలుగువారి దగ్గరకు గ్రంథం ప్రయాణం చేసింది. ఈనాడు ఆ తెలుగువారి మనుమలు కెనడాకు వచ్చారు. అంత కష్టపడి సంపాదించుకున్న అక్షరం మన ఇంట్లో ఒక్క తరంలో మూతపడిపోతే ఆ పితరులకు మనం ఏమని జవాబు చెబుతాం?

మన పిల్లలను నిందించడానికి ఈ మాట చెప్పడం లేదు. వాళ్ళకు తెలుగు వినపడుతుంది, చదవడం రాదు. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఐతియొపీయుడు రథంలో కూర్చుని యెషయా గ్రంథం పైకి చదువుతున్నాడు. ఫిలిప్పు పరుగెత్తి వెళ్ళి ఆ చదువు విన్నాడు, అర్థమవుతోందా అని అడిగాడు, ఎక్కి పక్కన కూర్చున్నాడు. మనం చేయవలసిందీ ఇంతే. ఇండియా నుండి వచ్చిన అమ్మమ్మ తెలుగులో ఒక అధ్యాయం పైకి చదవాలి. మనుమరాలు అదే అధ్యాయాన్ని ఇంగ్లీషులో చదవాలి. ఇద్దరూ పక్కపక్కన కూర్చోవాలి. గో రైలులో టొరంటో ఉద్యోగానికి వెళ్ళే సహోదరులారా, ఆ ఐతియొపీయుడు కూడా ప్రయాణంలోనే చదివాడు. ఫోనులో చదివినా మేలే, వీడియోల మధ్య దానికి కొంచెం చోటివ్వండి.

చదవడం భారమైన క్రమశిక్షణ అని కొందరి భయం. నెహెమ్యా 8వ అధ్యాయం చూడండి. ఎజ్రా నీటి గుమ్మము ఎదుట ఉదయం నుండి మధ్యాహ్నం వరకు గ్రంథం చదివాడు. లేవీయులు అర్థం చెప్పారు. మొదట ప్రజలు ఏడ్చారు. తరువాత ఇళ్ళకు వెళ్ళి తిని, త్రాగి, ఏమీ లేనివారికి వంతులు పంపి సంతోషించారు. 12వ వచనం కారణం కూడా చెబుతోంది: తమకు చెప్పిన మాటలు వారికి అర్థమయ్యాయి. అర్థమైన మాట సంతోషాన్ని తెస్తుంది. ఆ సంతోషం పక్కవారికి వంతు పంపకుండా ఉండనివ్వదు. పుస్తకం గురించి మరొకరికి చెప్పడమంటే ఆ వంతు పంపడమే.

కాబట్టి ఈ చలికాలానికి మన సహవాసంలో ఒక పని మొదలుపెడదాం. నెలకొకసారి ఆరాధన తరువాత, భోజనాల దగ్గర, ఒక్కొక్కరు ఒక పుస్తకం తెచ్చి రెండు నిమిషాలు చెప్పండి. "బాగుంది" అని సరిపెట్టకండి. అది మీలో ఏమి మార్చిందో, ఎవరికి పనికొస్తుందో చెప్పండి. దుఃఖంలో ఉన్నవారికి ఒక పుస్తకం కావాలి, పరీక్షల ఒత్తిడిలో ఉన్నవారికి మరొకటి కావాలి. మనిషిని చూసి పుస్తకం ఇవ్వండి.

నా వంతుగా మూడు చెబుతాను. మొదటిది జాన్ బనియన్ వ్రాసిన యాత్రికుని ప్రయాణము. 1678లో వెలువడింది. విశ్వాసం కోసం చెరసాల అనుభవించినవాని పుస్తకం. దేశం విడిచి వచ్చిన మనకు ఆ బాటసారి బరువు అర్థమవుతుంది. రెండవది వినుకొండలో పుట్టిన మన గుర్రం జాషువ వ్రాసిన క్రీస్తు చరిత్ర. 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. పద్యం కష్టమనిపిస్తే పెద్దలచేత చదివించుకుని వినండి. మూడవది ఈ ఊరి పుస్తకమే అనుకోండి. 1827 ఏప్రిల్ 23న ఒక మేపుల్ చెట్టు నరికి గ్వెల్ఫ్‌ను స్థాపించిన జాన్ గాల్ట్ ఒక నవలాకారుడు. ఆయన 1821లో ప్రచురించిన యానల్స్ ఆఫ్ ది పారిష్ ఒక పల్లెటూరి బోధకుడు తన యాభై ఏళ్ళ పరిచర్యను చెప్పుకునే కథ. ఇంగ్లీషులో చదివే మన యువతీయువకులకు ఇది నేనిచ్చే సలహా.

ఒక్క హెచ్చరిక. పుస్తకాలు చేయడానికి అంతం లేదని ప్రసంగి గ్రంథం చెబుతుంది. ఎవరు సిఫారసు చేసినా, నేను చేసినా, బెరయవారిలాగా లేఖనాలతో పోల్చి పరిశీలించండి. అన్ని పుస్తకాలూ ఆ ఒక్క గ్రంథం దగ్గరకు మనల్ని తిరిగి నడిపించాలి.

ప్రార్థన చేద్దాం. ప్రేమగల తండ్రీ, మా పితరుల చేతికి అక్షరాన్ని, ఆ అక్షరంలో నీ కుమారుని ఇచ్చినందుకు స్తోత్రములు. మా అట్టపెట్టెలు తెరువుము. చలిలో ఒంటరిగా ఉన్నవారి గుమ్మానికి కోటుతో పాటు ఒక మంచి మాటను మోసుకుపోయే తిమోతిలుగా మమ్మును చేయుము. మా పిల్లలు వినడానికి, మేము చదవడానికి కృప దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.