కనబడని హానికి గృహస్థు పూచీ

హసన్‌పర్తి, ఎర్రగట్టు గుట్ట మొదలుకొని వరంగల్ కోట దాకా నేల అడుగున ఉన్నవి ఎక్కువగా గ్రానైటు, దాని జాతి రాళ్లు. ఈ రాతిలో అతి స్వల్పంగా ఉండే యురేనియం క్రమంగా క్షీణించి రేడియం అవుతుంది. రేడియం నుంచి రేడాన్ వాయువు పుడుతుంది. దానికి రంగూ వాసనా రుచీ లేవు. ఆరుబయట అది గాలిలో కలిసి పలచబడుతుంది. ఇంట్లోకైతే గచ్చు పగుళ్లు, గోడల మొదళ్లు, పైపుల సందుల గుండా చేరి నిలిచిపోతుంది. 3.8 రోజులకు సగం తరుగుతుంది గానీ, అలా తరిగేటప్పుడు పుట్టే పొలోనియం కణాలు ఊపిరితిత్తులకు అంటుకుని ఆల్ఫా కిరణాలు వెదజల్లుతాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్ కారణాల్లో పొగతాగడం తర్వాత ముఖ్యమైనది ఇదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇందులో రాయి తప్పు లేదు. ఇల్లు కట్టినవారికి సంగతి తెలియదు. మరి ఆ ఇంట్లో పిల్లలు పీల్చే గాలికి పూచీ ఎవరిది?

ధర్మశాస్త్రానికి ఇలాంటి ప్రశ్న కొత్త కాదు. మనుస్మృతి మూడో అధ్యాయం గృహస్థు ఇంట్లో ఐదు హింసాస్థానాలను పేర్కొంటుంది: పొయ్యి, సన్నెకల్లు, చీపురు, రోలు, నీళ్లకుండ. వీటి దగ్గర తెలియకుండానే ప్రాణులు చస్తాయి. తెలియక జరిగింది గదా అని స్మృతి ఊరుకోలేదు. నిత్యం ఐదు మహాయజ్ఞాలు చేయమని విధించింది. ఉద్దేశం లేకపోతే నింద తగ్గుతుందే తప్ప బాధ్యత పోదు. అయితే అక్కడ హాని తప్పనిది, కాబట్టి పరిహారం చెప్పారు. రేడాన్ హానిని ముందే తగ్గించవచ్చు, కాబట్టి గృహస్థు బాధ్యత ఇంకా పెద్దది. రాసిపెట్టి ఉన్నది జరగక మానదనే మాట ఇక్కడ చెల్లదు. చేతిలో ఉన్న పని చేయకుండా కర్మ మీదికి నెట్టడం కర్మ సిద్ధాంతం కాదు.

కనబడనిదాన్ని ఉందని ఎలా నమ్మాలి? తెలుగువాడైన అన్నంభట్టు 'తర్కసంగ్రహం'లో, పొగను చూసి కొండ మీద నిప్పుందని తెలుసుకోవడం అనుమాన ప్రమాణమని వివరించాడు. రేడాన్ కొలతా ఆ దారిదే. చిన్న డబ్బాలో ప్రత్యేకమైన ప్లాస్టిక్ ఫిల్మ్ ముక్క పెట్టి మూడు నెలలు గదిలో వేలాడదీస్తారు. తర్వాత దాన్ని క్షార ద్రావణంలో ఉంచితే ఆల్ఫా కణాలు తగిలినచోట్ల సన్నని గుంటలు తేలతాయి. సూక్ష్మదర్శిని కింద వాటిని లెక్కిస్తారు. పొగలా గుంట హేతువు (ఆనవాలు), నిప్పులా రేడాన్ సాధ్యం (రుజువు కావలసినది). గ్రానైటు నేల కాబట్టి ఇంట్లో ప్రమాదమే అనుకోవడం మాత్రం దుష్టహేతువు, అంటే చెల్లని ఆనవాలు. పక్కపక్క ఇళ్లలోనే లెక్కలు ఎంతో తేడాగా వస్తాయి. రేడాన్‌ను ఘనపు మీటరు గాలికి 100 బెకెరెల్‌ (రేడియోధార్మికత కొలమానం)కు లోపు ఉంచాలని, అది కుదరకపోతే 300 దాటనీయవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో సూచించింది.

పాత పెంకుటింట్లో మట్టి నేల నుంచి వాయువు వచ్చినా, పెంకుల సందుల్లోంచి గాలి ఆడుతుండేది. స్లాబు వేసి, కిటికీలు బిగించి, రాత్రంతా ఏసీ నడిపే కింది గదిలో ఆ వీలు లేదు. రోజూ కిటికీలు తెరవాలి, నేల పగుళ్లు పూడ్చాలి. లెక్క ఎక్కువగా ఉంటే పూడ్చడం ఒక్కటే చాలదు. గచ్చు కిందినుంచి పైపు వేసి, ఫ్యానుతో ఆ గాలిని ఇంటి కప్పు పైకి పంపాలి. పొగతాగేవారికి రేడాన్ ముప్పు ఎన్నో రెట్లు కాబట్టి ఇంట్లో సిగరెట్, బీడీ మానడం కూడా ఇందులో భాగమే.

కాలేజీలున్న హసన్‌పర్తి వంటి చోట మరో మెలిక ఉంది. కిరాయి గదిలో ఉండే విద్యార్థి కిటికీ తెరవగలడు గానీ గచ్చు తవ్వలేడు. మరమ్మతు చేసే అధికారం ఎవరిదో పూచీ వారిదే. తెలుసుకునే సాధనం లేనంతకాలం తెలియకపోవడం క్షమార్హం. సాధనం వచ్చాక అది ఉపేక్ష అవుతుంది. కింది అంతస్తులో పడకగది ఉన్నవారు ఒక్కసారైనా కొలత తీయించాలి. ఇంటి యజమానులు కిరాయి గదితోనే మొదలుపెట్టాలి.