పరామర్శ ఎవరి కొఱకు?

క్యాన్సర్‌కు చికిత్స పొందుచున్న బిడ్డ ఆసుపత్రి నుండి ఇల్లు చేరినాడని వినగానే, గండము గడచినదని మనము ఊరట చెందుదుము. ఐసెలిన్‌లో ఓక్ ట్రీ రోడ్డు అంగళ్లలో పండ్లు కొని పదిమందిమి చూడబోవుదుము. రోగిని పరామర్శించుట ధర్మమని మన పెద్దలు నేర్పిరి. ఆ ధర్మము ఆ యింటికి మేలు చేయుచున్నదా, మన మనస్సునకే తృప్తి నిచ్చుచున్నదా యని విచారింపవలసియున్నది.

పిల్లల క్యాన్సర్లలో మిక్కిలి తఱచుగా కానవచ్చునది లుకేమియా. దాని ముఖ్యభేదమునకు చికిత్స రెండేండ్లకు పైగా సాగును. అందు అధికభాగము ఇంటియొద్దనే. మెర్కాప్టోప్యూరిన్ దినమున కొకసారి, మెథోట్రెక్సేట్ వారమున కొకసారి. మొదటిది మాటిమాటికి తప్పిన వ్యాధి తిరుగబెట్టవచ్చును. రెండవది పొరపాటున ప్రతిదినము ఇచ్చిన ప్రాణాపాయము. జ్వరము 100.4 డిగ్రీలకు చేరినచో అర్ధరాత్రియైనను వైద్యునకు ఫోను చేయవలెను. ఆసుపత్రిలో నర్సులు వంతుల వారీగా కాచిన కాపలాను ఇంట తల్లి యొక్కతెయే కాచుచున్నది.

ఈ మెథోట్రెక్సేట్ వెనుక తెలుగువారొకరు కలరు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, మన న్యూజెర్సీ పొలిమేర కావలనున్న పర్ల్ రివర్‌లో లెడర్లీ ప్రయోగశాల పరిశోధనలకు నాయకత్వము వహించిరి. అచ్చటి అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 16 మంది పిల్లలకిచ్చి, 10 మందికి కొంతకాలము గుణము కనబడెనని 1948లో ప్రకటించిరి. దాని సోదరౌషధమే మెథోట్రెక్సేట్. ఆ సంవత్సరముననే సుబ్బారావుగారు గతించిరి. నాడు కొలది నెలలలో ప్రాణము తీసిన వ్యాధిని నేడీ దేశమున పదిమంది పిల్లలలో సుమారు తొమ్మిదిమంది జయించుచున్నారు. బిడ్డ బ్రదుకుచున్నాడు గనుకనే ఈ దీర్ఘమైన ఇంటిసేవ మన ముందున్నది.

తెల్లకణములు తగ్గిన బిడ్డకు మన జలుబే శత్రువు. మనము పోయి కూర్చున్న, తల్లి కాఫీ కలుపవలెను, కథ మరల మొదటినుండి చెప్పవలెను. ఏ జన్మ పాపమో యని నిట్టూర్చువారును కలరు! కర్మసిద్ధాంతము నేనును నమ్మినవాడనే. పరుల బిడ్డ పూర్వజన్మమును లెక్కగట్టు అధికారము అది మనకీయలేదు.

అట్లని తొలగిపోవుటయు తగదు. ఏది తినవచ్చునో ముందడిగి, వండిన భోజనము వాకిట నుంచి రావచ్చును. న్యూ బ్రన్స్విక్ ఆసుపత్రికి కారులో తీసికొనిపోవచ్చును. మన పిల్లలకు ఆటలమ్మ పోసినచో ఆ తల్లికి ఆనాడే తెలుపవలెను. రక్షణ మందు త్వరగా ఇచ్చిననే ఫలించును.

ఇక కూలి మాట. మారిషస్ చెరకుతోటలలో ఒకదినము పనికి పోని కూలివానికి రెండుదినముల కూలి కోసెడివారు. దానిని డబుల్ కట్ అనిరి. నేడు 1993 నాటి సమాఖ్య చట్టము అర్హులైన ఉద్యోగులకు 12 వారముల సెలవు నిచ్చును గాని జీతము నీయదు. న్యూజెర్సీ 2009 నుండి జీతములో కొంతభాగము నిచ్చుచున్నది. బీమా తీర్చని పెద్ద ఖర్చులకు 1988లో ఏర్పడిన రాష్ట్రనిధియు కలదు. నిద్రలేని వారికి ఈ దరఖాస్తులు నింపుట కొండ నెత్తుట వంటిది. ఇంగ్లీషు బాగుగా వచ్చిన మనవారొకరు ఒక సాయంకాలము ఫోనులోనే ఆ పని చేసిపెట్టిన, పది బుట్టల పండ్లకన్న మేలు.

నా తరగతులలో నన్ను మిక్కిలి కలవరపెట్టినవారు అట్టి యిండ్లలోని అక్కలు, అన్నలు. తమ్ముడెట్లున్నాడని అందరును అడుగుదురు. నీ వెట్లున్నావని అడుగువారు అరుదు. లెక్కల పుస్తకము తెరచి కిటికీ వంక చూచు ఆ పిల్లను శనివారము మన పిల్లలతో ఆటకు తీసికొనిపోవుటకు వైద్యశాస్త్ర మక్కరలేదు.

ఆలయమున అర్చనకు పేర్లు వ్రాయు పుస్తకము ప్రక్కన మరియొక పుస్తకము నుంచవచ్చును: మంగళవారము కారు ఎవరిది, గురువారము భోజన మెవరిది. మొదటి నెల పుట తానే నిండును. పదునాల్గవ నెల పుట నిండుట కష్టము. పేర్లు వ్రాయుట ఆ పుటనుండియే మొదలుపెట్టవలెను.