రంధ్రం దొరికితేనే నొప్పి నిజమా?

ముందు నా చూపులో ఒక మెరుపు గీత పుడుతుంది. వంకర్లు తిరుగుతూ పెద్దదవుతుంది. చదువుతున్న వాక్యంలో సగం మాయమవుతుంది. ఆ వెలుగు పోయాక ఒంటికణత నొప్పి. వైద్యులు దీన్ని ఆరాతో కూడిన మైగ్రేన్ అంటారు. మా ఇంట్లో మాత్రం పుస్తకాలు ఎక్కువై వచ్చిన నొప్పి అన్నారు. అత్తవారింట్లో పని తప్పించుకునే నొప్పి అన్నారు.

రెండేళ్ల క్రితం నరంలోకి బుడగలు కలిపిన సెలైన్ ఎక్కించి గుండెకు ఎకో తీశారు. పై గదుల మధ్య చిన్న రంధ్రం. కడుపులోని బిడ్డకు ఊపిరితిత్తులతో పనిలేదు కనుక రక్తం ఆ దారిన పోతుంది. పుట్టాక అది మూసుకోవాలి. దాదాపు నలుగురిలో ఒకరికి పూర్తిగా మూసుకోదు. ఆరా ఉన్నవాళ్లలో సుమారు సగం మందికి ఇది కనిపిస్తుంది. ఊపిరితిత్తులు వడకట్టవలసినవేవో ఈ దారిన మెదడుకు చేరుతున్నాయన్నది ఒక ఊహ.

రిపోర్టు చూసి నేను భయపడలేదు, సంబరపడ్డాను. అమ్మ నా నుదుటి మీద చెయ్యి వేసి "నిజంగానే ఉందటమ్మా" అంది. ఇరవై ఏళ్ల నా మాట చెయ్యలేని పని ఒక కాగితం చేసింది.

కాని 2008లో వెలువడిన బ్రిటన్ పరిశోధన 'మిస్ట్'లో 147 మందిలో సగం మందికి రంధ్రం మూశారు, మిగతావాళ్లకు మూసినట్టు నటించారు. తలనొప్పి పూర్తిగా పోయినవాళ్లు రెండు వైపులా ముగ్గురే. 2016, 2017లలో వచ్చిన ప్రీమా, ప్రీమియం ఫలితాల్లోనూ ప్రధాన లక్ష్యం నెరవేరలేదు. సంబంధం ఉంది. అదే కారణమని తేలలేదు.

మరి నా నొప్పి మళ్లీ అబద్ధమైపోయిందా? అమ్మ తన చెయ్యి వెనక్కి తీసుకోవాలా?

నిజానికి ఆరాను గుర్తించేది ఎకో కాదు, స్కానూ కాదు. మనిషి చెప్పుకున్నదాన్ని బట్టే వైద్యులు నిర్ధారిస్తారు. మైగ్రేన్ స్త్రీలలో పురుషులకన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ. ఆరా ఉన్నవాళ్లు ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. పక్షవాతం ముప్పు పెరుగుతుంది కనుక. అంటే ఆ మెరుపు గీత గురించి ఆమె చెప్పే మాటే ఆమెను కాపాడే పరీక్ష. వినకపోవడం మర్యాదలోపం మాత్రమే కాదు, ప్రమాదం.

ఇదంతా తెలిసిన నేను, మా ఇంట్లో పనిచేసే ఆమె "తల పగిలిపోతోందమ్మా" అన్న రోజున ఏం చేశాను? గిన్నెల వైపు చూశాను. ఆమెకు చూపించడానికి ఏ కాగితమూ లేదు. సాక్ష్యం అడిగేవాళ్ల పక్కన నేనూ ఎప్పుడో చేరిపోయాను.

నొప్పికి కారణం వెతకడం వైద్యం పని. అది దొరికేదాకా నమ్మకుండా ఆగడం మాత్రం మనం నేర్చుకున్న పాడు అలవాటు.