పోపులడబ్బా, ట్రంకుపెట్టె, సెల్‌ఫోన్

తాళంచెవుల గుత్తి ఎవరి బొడ్లో ఉంటే ఇంటి పెత్తనం వాళ్లదేనని మన అమ్మమ్మల కాలంలో ఎవరూ విడమరచి చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు. గుత్తి అత్తగారి దగ్గర ఉంటే కోడలికి మిగిలేవి రెండే చోట్లు. ఒకటి పుట్టింటినుంచి తెచ్చుకున్న ట్రంకుపెట్టె, రెండోది వంటింట్లో పోపులడబ్బా. ఆవాల కింద దాచిన పదిరూపాయల నోటు గురించి భర్తకి చెప్పనందుకు ఆమెని ఎవరూ అబద్ధాలకోరు అనలేదు. పైగా ఇంట్లో కష్టం వచ్చిన రోజున ఆ నోటు బయటికొస్తే ఇల్లాలి ముందుచూపు అని మెచ్చుకున్నారు కూడా. ఉత్తరం విషయంలో మాత్రం అంత ఉదారత లేదు. కోడలి పేర వచ్చిన ఇన్‌లాండు కవరు మామగారో మొగుడో చింపి చదివాకే ఆమె చేతికి వచ్చే ఇళ్లు చాలా ఉండేవి. ఈ తేడా ఊరికే వచ్చింది కాదు. దాచిన డబ్బు ఎప్పటికైనా ఇంటికే ఖర్చవుతుంది. దాచిన మాట ఇంటి గడప దాటిపోతుంది.

ఇవాళ మన చేతిలో ఉన్న సెల్‌ఫోన్ పోపులడబ్బా, ట్రంకుపెట్టె, ఉత్తరాల కట్ట అన్నీ కలిసిన వస్తువు. అందులో డబ్బు ఉంది, ఫోటోలు ఉన్నాయి, స్నేహాలు ఉన్నాయి, రాసి ఎవరికీ చూపించని కవితలు ఉన్నాయి. అందుకే దాని చుట్టూ ఇళ్లలో జరుగుతున్న గొడవని టెక్నాలజీ గొడవ అని కొట్టిపారేయలేం. స్త్రీకి తన గురించి కొంత తనలోనే ఉంచుకునే హక్కు ఉందా, ఉంటే అది ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కరలేని హక్కేనా అన్న పాత ప్రశ్నే కొత్త వస్తువు పట్టుకుని మన ముందుకొచ్చింది.

పదేళ్ల కిందటి ఫోన్ని ఒకసారి గుర్తు తెచ్చుకుందాం. 2015-16 నాటికి నగరాల్లో మనలాంటివాళ్ల చేతుల్లోకి టచ్ ఫోన్లు వచ్చేశాయి. వాట్సాప్‌లో చదివినట్టు చెప్పే నీలం టిక్కులు 2014 నవంబరులోనే వచ్చాయి. కానీ 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటాని కారుచౌక చేసేదాకా ఊళ్లలో, బస్తీల్లో ఆడవాళ్ల చేతిలో ఫోన్ అంటే చాలావరకు బటన్ల ఫోనే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆ సంవత్సరాల్లో అడిగిన ప్రశ్న చాలా తెలివైనది. ఇంట్లో ఫోన్ ఉందా అని కాదు, మీరు స్వయంగా వాడుకునే ఫోన్ మీకు ఉందా అని స్త్రీలని అడిగింది. ఉందని చెప్పినవాళ్లు దాదాపు 46 శాతం. తర్వాతి సర్వే, అంటే 2019-21 నాటికి అది దాదాపు 54 శాతానికి చేరింది. ఆ ఐదారేళ్లలో దేశమంతా ఫోన్లమయమైపోయిందని మనం అనుకుంటున్నప్పుడు పెరిగింది ఎనిమిది శాతం పాయింట్లు.

ఆ బటన్ల ఫోన్‌కి ఒక గుణం ఉండేది. దానికి జ్ఞాపకం తక్కువ. మెసేజ్‌ల పెట్టె నిండిపోతే పాతవి చెరిపేస్తే తప్ప కొత్తవి వచ్చేవి కావు. ఎవరికి కాల్ చేశామన్న జాబితా కొన్ని నంబర్లకి మించి ఉండేది కాదు. మాట గాల్లో కలిసిపోయేది. మిస్డ్ కాల్‌కైతే అసలు మాటే లేదు. ఒక రింగిస్తే చేరుకున్నానని, రెండిస్తే తిరిగి చేయమని స్నేహితురాళ్లు, అక్కచెల్లెళ్లు, తల్లీకూతుళ్లు ఎవరి లిపి వాళ్లు తయారుచేసుకున్నారు. పైసా ఖర్చు లేని, రుజువు మిగలని భాష అది. కూతురు అత్తవారింట్లో ఎలా ఉందో తల్లికి రింగుల లెక్కలోనే తెలిసేది.

అలాగని ఆ రోజులు బంగారు రోజులని నేను అనడం లేదు. ఆ ఫోన్ చాలా ఇళ్లలో ఆమెది కాదు. అది పగలు భర్త జేబులో ఉండేది, రాత్రి టీవీ పక్కన చార్జింగ్‌కి ఉండేది. ఆమె మాట్లాడుతుంటే పక్కన ఒకరు కూర్చుని వినేవాళ్లు. రీచార్జ్ చేయించుకోవాలంటే వీధి చివరి దుకాణంలో తన నంబరు పైకి చదివి చెప్పాలి. అలా దుకాణాలకి చేరిన ఆడపిల్లల నంబర్లు చేతులు మారి అమ్ముడుపోతున్నాయని 2017లో ఉత్తరప్రదేశ్ నుంచి వార్తలు వచ్చాయి. ఫోన్ మరిచిపోవడం ఆమెకి కలిసొచ్చిందే తప్ప ఎవరూ ఆమె మీద గౌరవంతో ఇచ్చిన ఏకాంతం కాదు.

ఇప్పటి ఫోన్ అందుకు పూర్తిగా తలకిందులు. ఇది ఆమె పేర ఉంటుంది, ఆమె వేలిముద్రతో తెరుచుకుంటుంది. చూడ్డానికి సొంత గది. 1929లో వర్జీనియా వూల్ఫ్ రాసే స్త్రీకి కావాలన్న ఆ గది అరచేతిలోకి వచ్చేసిందని మనలో చాలామంది సంబరపడ్డాం. రాత్రి ఇంటిపని ముగిశాక పక్కమీద పడుకుని ఫోన్‌లోనే కథలు టైపు చేసి రచయిత్రులైనవాళ్లు ఉన్నారు, ఆ సంబరం అబద్ధం కాదు. అయితే ఈ గది అన్నీ గుర్తుపెట్టుకుంటుంది. ఎవరితో ఎంతసేపు మాట్లాడిందో, ఏ సందులో ఎంతసేపు ఆగిందో, అర్ధరాత్రి ఏ జబ్బు గురించి వెతుక్కుందో దానికి తెలుసు. ఇలాంటి గది తాళం ఒకసారి ఇంకొకరి చేతికి వెళ్తే ఆ రోజు ఉత్తరం ఒక్కటే కాదు, కొన్నేళ్ల ఉత్తరాలు ఒకేసారి వాళ్ల ముందు పరుచుకుంటాయి. పాత ఫోన్‌లో ఆమెకి తాళం లేదు, దోచడానికి సరుకూ లేదు. కొత్త ఫోన్‌లో తాళం ఉంది, లోపల జీవితమంతా ఉంది. అందుకే పాస్‌వర్డ్ అడగడం అనే కొత్త మర్యాద మన ఇళ్లలోకి వచ్చింది.

"నాకు తెలియకుండా దాచడానికి నీకేముంది?" భర్త, ప్రేమికుడు, తండ్రి, ఒక్కోసారి తల్లి కూడా అడిగే ప్రశ్న ఇది. ఇది ప్రశ్నలా కనిపిస్తుంది కానీ దీనికి జవాబు చెప్పే వీలు లేదు. ఏమీ లేదంటే మరి చూపించమంటారు. ఉందంటే నేరం ఒప్పుకున్నట్టు. ఈ ఉచ్చులోంచి బయటపడాలంటే మూడు విషయాలని వేరుచేసి చూసుకోవాలి. అబద్ధం వేరు, మోసం వేరు, ఏకాంతం వేరు. లేనిదాన్ని ఉందని చెప్పడం అబద్ధం. ఎదుటి మనిషికి న్యాయంగా తెలియాల్సినది తెలియకుండా చేసి వాళ్లకి నష్టం కలిగించడం మోసం. ఈ రెండింటికీ మనం నైతికంగా జవాబుదారులమే, స్త్రీలమైనంత మాత్రాన మినహాయింపు లేదు. కానీ నాలో జరిగే ఆలోచనని, నా స్నేహితురాలు నన్ను నమ్మి చెప్పుకున్న బాధని, ఇంకా రూపం తీసుకోని ఒక ఇష్టాన్ని నాలోనే ఉంచుకోవడం ఈ రెండింట్లో ఏదీ కాదు. నా ఫోన్‌లో ఉన్నది నేనొక్కదాన్నే కాదన్నది కూడా మనం తరచుగా మరిచిపోతాం. నా పాస్‌వర్డ్ ఇచ్చేస్తే గర్భస్రావం గురించి నాతో మాత్రమే చెప్పుకున్న స్నేహితురాలి గోప్యతని కూడా ఆమెని అడక్కుండా ఇచ్చేసినట్టే.

ఇంకొక మాట. దాచుకునే స్వేచ్ఛ లేని మనిషి చెప్పినదానికి విలువ ఎక్కడిది? ఒకరితో మనసు విప్పి మాట్లాడటం ప్రేమ ఎందుకవుతుందంటే, విప్పకుండా ఉండే వీలు మనకి ఉంది కాబట్టి. సోదా చేసి తెలుసుకున్నదాన్ని ఆమె నాకు చెప్పింది అనలేం. అలాగే తనిఖీ అయ్యాక మిగిలేదాన్ని నమ్మకం అనడం మాటల్ని దుర్వినియోగం చేయడమే. తెలియనిచోట కూడా నిలబడేదే నమ్మకం.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది తేలికైనది కాదు. ఆడపిల్లల భద్రత మాటేమిటి? 2021 జూలైలో ముస్లిం స్త్రీల ఫోటోలు ఎత్తుకొచ్చి 'సుల్లీ డీల్స్' పేరుతో వేలం పెట్టారు. 2022 జనవరి మొదటి రోజున 'బుల్లీ బాయి' పేరుతో అదే మళ్లీ చేశారు. జర్నలిస్టులు, హక్కుల కోసం మాట్లాడేవాళ్లు కూడా ఆ జాబితాల్లో ఉన్నారు. ఫోటోలు మార్ఫింగ్ చేసి బెదిరించడం ఇవాళ చిన్న ఊళ్లదాకా వచ్చింది. భయపడే తల్లిని నేను ఎద్దేవా చేయలేను. కానీ భద్రత పేరుతో మన సమాజం చేస్తున్నదేమిటో చూద్దాం. 2019 జూలైలో గుజరాత్‌లోని బనాస్‌కాంఠా జిల్లాలో ఠాకోర్ కులపెద్దలు పెళ్లికాని ఆడపిల్లలు సెల్‌ఫోన్ వాడకూడదని తీర్మానించారు. తీర్మానాలు లేని మన ఇళ్లలో ఇదే పని కాస్త మెత్తగా జరుగుతుంది. ఎవడో పిల్లకి అసభ్యమైన మెసేజ్ పంపితే ముందు లాక్కునేది పిల్ల ఫోన్. పిల్లలు మూర్ఖులు కారు. చెబితే ఫోన్ పోతుందని, ఫోన్‌తోపాటు చదువు కూడా ఆగిపోవచ్చని వాళ్లకి తెలుసు. అందుకని చెప్పరు. బెదిరించేవాడికి కావాల్సింది సరిగ్గా ఆ మౌనమే. అంటే భద్రత కోసమని మనం పెట్టిన నిఘా, బెదిరించేవాడి చేతిలో ఆయుధం అవుతోంది. తనంతట తాను వచ్చి చెప్పినా తనది ఏదీ పోదన్న భరోసా ఉన్న పిల్లే తల్లి దగ్గరికి వస్తుంది.

కోర్టులు కూడా ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి. మన హైకోర్టుకి ఇందులో ఒక చరిత్ర ఉంది. ఇష్టం లేని భార్యని కాపురానికి రమ్మని కోర్టు ఆదేశించడం ఆమె వ్యక్తిగత గోప్యతకి విరుద్ధమని 1983లో, సినీనటి సరిత కేసులో, జస్టిస్ పి.ఎ. చౌదరి తీర్పు చెప్పారు. మరుసటి ఏడే సుప్రీంకోర్టు వేరొక కేసులో ఆ వాదనని కాదంది. భార్య తన తల్లిదండ్రులతో, స్నేహితులతో మాట్లాడిన ఫోన్ మాటలని ఆమెకి తెలియకుండా భర్త రికార్డు చేయడం చట్టవిరుద్ధమని, ఆ రికార్డులు నిజమైనవే అయినా సాక్ష్యంగా పనికిరావని 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. అయితే భార్యాభర్తలు ఒకరికి తెలియకుండా ఒకరు రికార్డు చేసిన సంభాషణలు వాళ్లమధ్య వ్యాజ్యంలో సాక్ష్యంగా చెల్లుతాయని 2025 జూలైలో సుప్రీంకోర్టు తేల్చింది. ఒకరిమీద ఒకరు నిఘా పెట్టుకునేదాకా వచ్చిందంటే ఆ కాపురం అప్పటికే విరిగిపోయిందని అర్థం అన్నది ఆ తీర్పులోని ఒక ఆలోచన. కాదనలేం. అయితే ఈ పద్దెనిమిదేళ్లలో ఫోన్ కూడా మారింది. రికార్డు చేసే పరికరం ఇప్పుడు ప్రతి దిండు కింద ఉంది. ఇలాంటి సాక్ష్యం చెల్లుతుందని తెలిశాక, ఇంకా విరగని కాపురాల్లో కూడా ఎంతమంది దాన్ని ముందుజాగ్రత్తగా నొక్కి ఉంచుతారోనన్నది నా భయం.

కానీ ఆ తీర్పుని ఒక్క మాటలో తిట్టేసి ఊరుకోవడానికి నాకు మనసొప్పదు. నాలుగు గోడల మధ్య దెబ్బలు తిన్న స్త్రీకి సాక్షులెవరు? తిట్టిన తిట్లని, కట్నం కోసం చేసిన బెదిరింపుని ఆమె రహస్యంగా రికార్డు చేసుకుంటే అదే ఆమె సాక్షి. 2018 అక్టోబరులో మీటూ అంటూ ముందుకొచ్చిన స్త్రీల చేతుల్లో ఉన్నవి చాలావరకు స్క్రీన్‌షాట్లే. బటన్ల ఫోన్ కాలంలో ఆ రుజువులు పెట్టె నిండగానే చెరిగిపోయేవి. ఇంటి గోప్యత అన్న మాట చాటున హింస దాక్కుందని స్త్రీవాదులు దశాబ్దాలుగా చెబుతూ వచ్చిన విమర్శని పుట్టస్వామి తీర్పు కూడా ప్రస్తావించింది. ఇంటికి గోప్యత ఉండటం, ఇంట్లోని స్త్రీకి గోప్యత ఉండటం ఒకటి కాదు. మొదటిది బయటివాళ్లని ఆపుతుంది. రెండోది ఇంటివాళ్లని ఆపుతుంది. మనకి కావాల్సింది రెండోది. తన మీద జరిగిన హింసని రికార్డు చేసుకోవడం, ఇంకొకరి జీవితం మీద కాపలా పెట్టడం రెండూ ఒకే బటన్‌తో జరుగుతాయి. వాటిని ఒకే గాటన కట్టకుండా, ఎవరి బలం ఎవరిమీద పనిచేస్తోందని ప్రతిసారీ అడగక తప్పదు.

ఈ ప్రశ్న ఇంటి గుమ్మం దగ్గర ఆగదు. 2021లో హర్యానాలో ఆశా కార్యకర్తలు తమ పని ఫోన్లలో పెట్టించిన యాప్‌ని వ్యతిరేకించారు. తాము ఎక్కడ ఉన్నదీ అది కనిపెడుతుందన్నది వాళ్ల అభ్యంతరం. అదే ఏడాది మార్చిలో అంగన్‌వాడీ కార్యకర్తల మీదికి పోషణ్ ట్రాకర్ వచ్చింది. గౌరవ వేతనం మీద పనిచేసే స్త్రీని ఉద్యోగిగా గుర్తించడానికి ఒప్పుకోని ప్రభుత్వాలు, ఆమె ప్రతి కదలికనీ నమోదు చేయడానికి మాత్రం ఒప్పుకుంటాయి. భర్త అడిగే ప్రశ్ననే ప్రభుత్వం అడుగుతోంది. పని సరిగా చేస్తుంటే చూపించడానికి నీకేమిటి బాధ అని. ఆ ఆశా కార్యకర్తల అభ్యంతరం మన వ్యాసాలన్నిటికంటే స్పష్టంగా ఉంది. పనికి లెక్క చెప్పడం వేరు, మనిషికి లెక్క చెప్పడం వేరు.

మళ్లీ బటన్ల ఫోన్‌కి వెళ్దామని నేను అనను. మరపు మీద ఆధారపడిన స్వేచ్ఛ ఎప్పుడైనా పోయేదే, పోయింది కూడా. ఇప్పుడు మన ఏకాంతాన్ని వస్తువు కాపాడదు, మనం ఒకరికొకరం కాపాడుకోవాలి. అది చాలా చిన్న పనులతో మొదలవుతుంది. స్నానానికి వెళ్లినవాళ్ల ఫోన్ మోగితే పేరు చూడకుండా వదిలేయడం. స్నేహితురాలి మెసేజ్‌ని ఆమెని అడక్కుండా ఎవరికీ పంపకపోవడం. కూతురికి ఫోన్ కొనిచ్చిన రోజున పాస్‌వర్డ్ చెప్పమని అడగకుండా, ఏ కష్టం వచ్చినా ఫోన్ లాక్కోనని మాట ఇవ్వడం, ఆ మాటమీద నిలబడటం. కొడుక్కి మాత్రం ఇంకా ముందే ఒక సంగతి చెప్పాలి. రేపు నిన్ను ప్రేమించే అమ్మాయి ఫోన్ నీది కాదని, చూపించనన్నంత మాత్రాన ఆమె నీకు చేసిన తప్పేమీ లేదని. పోపులడబ్బాలో నోటుని ముందుచూపు అని మెచ్చుకున్న ఇంటికి, ఆమె మనసులో మాటని కూడా అలాగే గౌరవించడం అంత అసాధ్యమేమీ కాదు.